నాలుగు గోడల నడుమ పిల్లి

"పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అనే సామెత వినని తెలుగువారుండరు. ఎలుకను పట్టిన పిల్లి చాలాసార్లు దాన్ని వెంటనే చంపదు. వదలుతుంది, నాలుగడుగులు పరుగెత్తనిస్తుంది, మళ్ళీ పంజాతో కొట్టి దగ్గరకు లాగుకొంటుంది. చూసేవారికి ఇది క్రూరమైన వినోదంగా తోస్తుంది. సామెత పుట్టించినవారి సానుభూతి ఎలుక పక్షాన ఉండటంలో తప్పేమీ లేదు. అయితే ఆ చెలగాటం అసలేమిటో పరిశీలించినప్పుడు తేలిన సంగతి వేరుగా ఉన్నది. 1979లో మాక్సీన్ బైబెన్ అనే శాస్త్రజ్ఞురాలు పిల్లుల ఆకలిని హెచ్చించి, తగ్గించి, వాటి ఎదుట వేర్వేరు పరిమాణాల ఎలుకలను ఉంచి ఫలితాలను నమోదు చేశారు. బాగా ఆకలిగొన్న పిల్లి చిన్న చిట్టెలుకను దొరికిన వెంటనే చంపివేసింది. ఆకలి తక్కువైనప్పుడు, లేదా ఎదుట ఉన్నది తిరగబడి కరవగల పెద్ద ఎలుక అయినప్పుడు మాత్రం చెలగాటం హెచ్చింది. చంపాలనే ప్రేరణ ఒకవైపు, వెనుకాడే స్వభావం మరొకవైపు లాగుతుంటే మధ్యలో కనిపించేదే ఆ ఆట. మనం చెలగాటం అనుకొనేది నిజానికి పూర్తికాని వేట అన్నమాట.

ఎలుక ఒక్కటి కూడా లేని ఇంట్లో పిల్లిని పెంచేవారు ముందుగా గ్రహించవలసిన విషయం ఇదే.

పెంకుటిళ్ళ కాలంలో పిల్లిని ప్రత్యేకంగా పెంచవలసిన అవసరం ఉండేది కాదు. గాదెలో ధాన్యం ఉన్నంతకాలం ఎలుకలుండేవి, ఎలుకలున్నంతకాలం పిల్లి వచ్చిపోతూ ఉండేది. గోడలు, కప్పులు, పెరటి చెట్లు అన్నీ దాని రాజ్యమే. పల్లెల్లో నేటికీ చాలాచోట్ల అంతే. హైదరాబాదులోనో విజయవాడలోనో మూడవ అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండే కుటుంబం పిల్లికూనను తెచ్చుకొన్నప్పుడు పరిస్థితి మారిపోతుంది. వీధిలో కుక్కలు, వాహనాలు, ఎలుకల కోసం పెట్టిన విషపు ఎరలు ఉంటాయి. అదీగాక పిల్లిని బయటకు వదిలితే నష్టపోయేది పిల్లి మాత్రమే కాదు. అమెరికా ఐక్యరాష్ట్రాలలో పిల్లుల వాత పడుతున్న పక్షుల సంఖ్య ఏడాదికి 130 కోట్ల నుంచి 400 కోట్ల వరకు ఉంటుందని 2013లో ప్రకటితమైన ఒక అంచనా తెలుపుతున్నది. వీటిలో అధికభాగం యజమానులు లేని పిల్లులు చంపినవే అయినా, పెంపుడు పిల్లుల వంతు కూడా లేకపోలేదు. కనుక తలుపు మూసి పిల్లిని లోపల ఉంచటం సమంజసమైన నిర్ణయమే. చిక్కు అంతా ఆ తరువాత మొదలవుతుంది.

తెల్లవారుజామున ఇంటిల్లిపాదీ నిద్రిస్తున్న వేళ పిల్లి కాలు కాలినదానివలె గది గదికీ తిరుగుతుంది. నడిచేవారి పాదాల మీదికి మాటునుంచి దూకుతుంది. కిటికీ తెరలు చీలికలవుతాయి. మంచం కింద మూత్రపు వాసన వస్తుంది. కొన్ని ఇళ్ళలో పిల్లి ఇవేవీ చేయదు. తిని, పడుకొని, బరువెక్కుతుంది, దాన్ని బుద్ధిమంతురాలంటారు. అల్లరి చేసే పిల్లికి మాత్రం పెడబుద్ధి పుట్టిందనుకొని, గోనెసంచిలో వేసి, దూరంగా ఏ సంతలోనో వదిలివచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. కూనగా ఉన్నప్పటి నుంచి నాలుగు గోడల మధ్య పెరిగిన జంతువుకు అది దాదాపు మరణశిక్షే. ఆ శిక్షకు కారణమైన "నేరాలను" ఒక్కొక్కటిగా తీసి చూస్తే, వాటిలో చాలావరకు పని దొరకని వేటగాని చేష్టలని తెలుస్తుంది.

పెంపుడు పిల్లికి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ప్రాంతాల అడవిపిల్లి అని 2007లో ప్రకటితమైన జన్యు పరిశోధన నిర్ధారించింది. సైప్రస్ ద్వీపంలో సుమారు 9,500 సంవత్సరాల క్రిందట ఒక మనిషిని పూడ్చిన గుంటకు అతి సమీపంలోనే ఒక పిల్లిని కూడా పూడ్చిపెట్టిన ఆధారాలు దొరికినట్లు 2004లో పురావస్తు శాస్త్రజ్ఞులు వెల్లడించారు. అంటే వ్యవసాయం తొలినాళ్ళనుంచే, ధాన్యం నిలువల చుట్టూ ఈ స్నేహం ఉన్నదన్నమాట. కుక్కను మనిషి తన పనులకు అనువుగా తరతరాలుగా ఎంచి మలచుకొన్నాడు. పిల్లిని అట్లా మలచలేదు. అది చేస్తున్న పని అప్పటికే అతనికి కావలసిన పని. అందుచేత సోఫా మీద ముడుచుకొని పడుకొన్న జంతువులో వేటగాడు దాదాపు చెక్కుచెదరకుండా ఉన్నాడు.

ఆ వేటగాని దినచర్య ఎటువంటిదో లెక్క వేయవచ్చు. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కిలోకాలరీల ఆహారం కావాలి. ఒక చిట్టెలుక వల్ల లభించేది సుమారు 30 కిలోకాలరీలు. అంటే రోజుకు ఏడెనిమిది ఎలుకలు పట్టాలి. మాటు వేసిన ప్రతిసారీ ఎలుక చిక్కదు కనుక ప్రయత్నాలు అంతకు అనేక రెట్లు చేయాలి. పొంచి ఉండటం, చెవులు రిక్కించటం, పాకటం, దూకటం, తప్పిపోతే మళ్ళీ మొదలుపెట్టటం, ఇదే దాని జీవితం. రెండు పూటలా పళ్ళెంలో ఆహారం పెట్టే ఇంట్లో ఈ శ్రమ అంతా పది నిమిషాల భోజనంగా కుదించుకుపోతుంది.

కడుపు నిండితే వేట కోరిక చల్లారుతుందని చాలామంది నమ్మకం. అది సరికాదు. 1976లో ఆడమెక్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చక్కని ప్రయోగం ప్రకటించారు. పిల్లులు తమకు ఇష్టమైన ఆహారాన్ని తింటున్నప్పుడు వాటికి కనిపించేటట్లు ఒక ఎలుకను వదిలారు. పిల్లులు తిండి ఆపి, వెళ్ళి, ఎలుకను చంపి, దానిని ఆహారం దగ్గరకు మోసుకువచ్చి, మళ్ళీ పళ్ళెంలోని తిండినే కొనసాగించాయి. పిల్లుల ప్రవర్తనను జీవితమంతా అధ్యయనం చేసిన జర్మన్ శాస్త్రజ్ఞుడు పాల్ లైహౌజెన్ కూడా, పొంచటం, తరమటం, పట్టటం అనే చర్యలకు వేటికవే ప్రేరణలున్నాయనీ, అవి ఆకలి మీద మాత్రమే ఆధారపడవనీ చెప్పాడు. ప్రకృతిలో ఈ ఏర్పాటుకు అర్థం ఉన్నది. ఆకలి బాగా వేసిన తరువాత వేట మొదలుపెట్టే జంతువు తరచు పస్తు పడుకోవలసి వస్తుంది.

కాబట్టి ఇంటిపిల్లికి తిండి పెట్టినంత మాత్రాన సగం పనే పూర్తవుతుంది. మిగిలిన సగం ఆటలో ఉన్నది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో సారా హాల్, జాన్ బ్రాడ్‌షా చేసిన పరిశోధనలలో, పెరిగిన పిల్లి బొమ్మతో ఆడే తీరుకూ ఎలుకను పట్టే తీరుకూ ఎంతో పోలిక కనిపించింది. ఆకలి హెచ్చితే వేట ఉత్సాహం హెచ్చినట్లే బొమ్మతో ఆటకూడా హెచ్చింది. 2002లో వారు ప్రకటించిన మరొక ఫలితం ప్రతి ఇంటికీ ఉపయోగపడేది. ఒకే బొమ్మను వరుసగా ఇస్తూపోతే పిల్లి ఆట త్వరగా సన్నగిల్లింది. అప్పుడు కొద్ది వ్యవధిలోనే వేరొక బొమ్మ ఇస్తే మొదటిసారికంటే ఎక్కువ ఉధృతంగా ఆడింది. దీన్నిబట్టి పిల్లి అలసిపోలేదనీ, ఆ బొమ్మపట్లనే విసిగిందనీ తేలుతున్నది. ఎంత కొట్టినా, కరచినా ఆకారం మారని "ఎలుక" దాని దృష్టిలో వ్యర్థమైన ఎలుక.

ఖరీదైన ఆటవస్తువులు కొనవలసిన పని లేదు. సన్నని వెదురు బద్దకు మూరెడు దారం, దారం చివర కోడి ఈక కడితే చాలు. దానిని కదిలించటంలోనే నేర్పు ఉన్నది. చాలామంది బొమ్మను పిల్లి ముఖం మీద ఆడిస్తారు. ఏ ఎలుకా పిల్లి ముఖంలోకి నడిచి రాదు! పైగా సుమారు 25 సెంటీమీటర్లకంటే దగ్గరగా ఉన్న వస్తువుమీద పిల్లి కన్ను స్పష్టంగా కేంద్రీకరించలేదు. అంత దగ్గరలో అది మీసాలతో తడిమి తెలుసుకొంటుంది. కనుక ఈకను రెండు మూడు అడుగుల దూరంలో, పిల్లి నుంచి పారిపోతున్నట్లు, గోడ వారగా లాగాలి, ఆపాలి, చాప కిందనో తలుపు చాటునో సగం దాచి కొద్దిగా కదిలించాలి. పిల్లి కదలకుండా చూస్తూ ఉన్నదంటే ఆడటం లేదని కాదు. పొంచి ఉండటం వేటలో ముఖ్యభాగం. మధ్య మధ్య ఈక దానికి చిక్కాలి. టార్చి వెలుగును గోడమీద ఆడించటం పిల్లలకు సరదాయే కాని, వెలుగు ఎప్పటికీ పంజాకు దొరకదు. అట్లా ఆడించినా చివరకు పట్టుకోదగిన వస్తువేదైనా ముందుంచటం మంచిది.

పిల్లి కండరాలు క్షణికమైన వేగానికి తగినవి, ఓర్పుకు కాదు. అందుచేత ఒకేసారి గంటసేపు ఆడించటంకంటే ఐదేసి, పదేసి నిమిషాల ఆట రోజుకు రెండు మూడుసార్లు మేలు. ఇంత స్వల్పమైన ఆటకు ఫలితం ఉంటుందా అనే సందేహానికి ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం 2021లో సమాధానం ఇచ్చింది. బయట తిరిగే పిల్లులతో యజమానులు రోజుకు 5 నుంచి 10 నిమిషాలు ఆడినప్పుడు, అవి పట్టి ఇంటికి తెచ్చే జంతువుల సంఖ్య 25 శాతం తగ్గింది. మాంసం హెచ్చుగా ఉన్న ఆహారం పెట్టినప్పుడు 36 శాతం తగ్గింది. మెడలో గంట కట్టినందువల్ల చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. ఆట నిజంగానే వేట స్థానాన్ని కొంతవరకు ఆక్రమిస్తున్నదని దీనివల్ల తెలుస్తున్నది. సాయంకాలపు చివరి ఆట ముగియగానే ఆహారం పెడితే వేట, భోజనం, ఒళ్ళు నాకుకోవటం, నిద్ర అనే సహజక్రమం పూర్తవుతుంది. తెల్లవారుజామున ఛాతీ మీదికెక్కి లేపే పిల్లికి మొదట ప్రయత్నించవలసిన చికిత్స ఇదే. అయితే దారం, రబ్బరుబ్యాండు, ముఖ్యంగా దారం ఎక్కించిన సూది, ఆట ముగిసిన తరువాత దానికి అందకుండా దాచాలి. పిల్లి నాలుక మీది ముళ్ళు లోపలివైపుకు వంగి ఉంటాయి కనుక నోటిలోకి పోయిన దారాన్ని అది సులభంగా ఉమ్మివేయలేదు. మింగిన దారం పేగులను కోయగలదు.

ఇక స్థలం మాట. ఆరువందల చదరపు అడుగుల ఇల్లు ఎకరంలో 70వ వంతు మాత్రమే. ఆహారం దండిగా దొరికే చోట పిల్లి ఎకరం లోపల కూడా సరిపెట్టుకొంటుంది. అరుదుగా దొరికే చోట వందల ఎకరాలు తిరుగుతుంది. ఈ లెక్క చూసి నిరాశ పడనక్కరలేదు. మనిషికి ఇల్లంటే నేల వైశాల్యం. పిల్లికి ఎత్తుకూడా స్థలమే. బీరువా పైభాగం, అటక, కిటికీ అరుగు, వీటికి మెట్టుమెట్టుగా ఎక్కేందుకు ఒక స్టూలో, గోడకు బిగించిన రెండు చెక్కపలకలో ఏర్పాటు చేస్తే నేలమీద జానెడు చోటైనా పోకుండానే ఇల్లు రెండింతలవుతుంది. ఎత్తునుంచి చూస్తే ఎవరు వస్తున్నారో, ఎవరు పోతున్నారో తెలుస్తుంది, ఎవరి చేతికీ అందకుండా ఉండవచ్చు. కిటికీ దగ్గర చోటు ఉంటే మరీ మంచిది. మనిషి చెవికి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వని వినిపించదు. పిల్లి చెవి 60,000 దాటిన ధ్వనిని కూడా అందుకొంటుంది. ఎలుకల కిచకిచలలో చాలాభాగం ఈ ఎత్తైన స్థాయిలోనే ఉంటుంది. ఊరికే గోడవైపు గంటలకొద్దీ చూస్తున్న పిల్లి నిజంగా "ఊరికే" చూస్తున్నదని చెప్పటం కష్టం.

కిటికీకి, బాల్కనీకి గట్టి వల తప్పనిసరి. ఎంత ఎత్తునుంచి పడినా పిల్లి కాళ్ళమీద నిలబడుతుందనే ధైర్యం పనికిరాదు. న్యూయార్కులో ఎత్తైన భవనాల నుంచి పడి ఒక ఆస్పత్రికి వచ్చిన 132 పిల్లులలో 90 శాతం బ్రతికాయని 1987లో వచ్చిన నివేదికను ఇందుకు సాక్ష్యంగా చూపుతుంటారు. అక్కడికక్కడే చనిపోయినవాటిని ఎవరూ ఆస్పత్రికి తీసుకురారని మరవకూడదు. బ్రతికినవాటిలో కూడా ఊపిరితిత్తులు దెబ్బతిన్నవి, దవడలు, కాళ్ళు విరిగినవి ఎన్నో ఉన్నాయి.

ఎత్తు ఎంత అవసరమో చాటు కూడా అంతే అవసరం. వేటాడే జంతువైనా పిల్లి చిన్నది. దానిని వేటాడేవి వేరే ఉన్నాయి. 2014లో హాలండుకు చెందిన ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయం వారు ఆశ్రయకేంద్రానికి కొత్తగా వచ్చిన పిల్లులలో కొన్నిటికి అట్టపెట్టెలు ఇచ్చి, మిగిలినవాటికి ఇవ్వకుండా చూశారు. పెట్టెలున్న పిల్లులు మొదటి కొద్ది రోజులలోనే కుదుటపడ్డాయి. ఇంట్లో పెండ్లో పండుగో జరిగి చుట్టాలతో నిండిపోయినప్పుడు మంచం కింద ఒక పక్కకు తిప్పిన అట్టపెట్టె, అందులో పాతచీర ముక్క పిల్లికి ఎంత ఉపకారమో చెప్పనక్కరలేదు. అందులో ఉన్నప్పుడు మాత్రం పిల్లలు దానిని చేతులు పెట్టి లాగకూడదు.

ఆహారం విషయంలో తెలుగు ఇళ్ళలో ఒక పాత అపోహ ఉన్నది. పిల్లి అనగానే పాలు గుర్తుకు వస్తాయి. కళ్ళు మూసుకొని పాలు తాగే పిల్లి మన సామెతల్లోనూ ఉన్నది. నిజానికి పెరిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజు సరిగా జీర్ణం కాక విరేచనాలవుతాయి. పాలు, పెరుగన్నం మీదనే పెరిగే పిల్లికి అంతకంటే పెద్ద ముప్పు ఉన్నది. టారీన్ అనే పదార్థాన్ని పిల్లి శరీరం తగినంతగా తయారు చేసుకోలేదు. అది మాంసంలో, చేపలలో దొరుకుతుంది, మొక్కలలో దాదాపు ఉండదు. టారీన్ లోపిస్తే కంటి రెటీనా క్షీణిస్తుందని 1975లోను, గుండె కండరం బలహీనమవుతుందని 1987లోను నిరూపితమైంది. ఇంటిల్లిపాదీ శాకాహారులైనా పిల్లి మాత్రం కాజాలదు. ఆ ఇబ్బంది ఉన్నవారు టారీన్ కలిపి తయారుచేసిన పిల్లుల ఆహారాన్ని కొనటం ఒక మార్గం. పెట్టే ఆహారాన్ని రెండు పూటలకు బదులు నాలుగైదు చిన్న భాగాలుగా పెడితే దాని సహజమైన అలవాటుకు దగ్గరగా ఉంటుంది. కొంత గట్టి ఆహారాన్ని చిల్లులు పెట్టిన డబ్బాలో వేసి దొర్లించి తీసుకొనేటట్లు చేయమని కొందరు సలహా ఇస్తారు. మంచిదే, కాని అన్ని పిల్లులూ దీనికి ఒప్పుకోవు. 2021లో కాలిఫోర్నియాలో 17 పిల్లులకు శ్రమతో వచ్చే తిండి, శ్రమ లేకుండా వచ్చే తిండి పక్కపక్కనే ఉంచితే, అవి ఎక్కువగా శ్రమ లేనిదానివైపే మొగ్గాయి. అందుచేత ఆ డబ్బాను ఆటగా ఇవ్వాలే గాని, దానితోనే కడుపు నింపుకోమనటం భావ్యం కాదు.

గోళ్ళతో గీకటం కూడా దుర్గుణం కాదు. పాతబడిన గోటి పొర ఊడటానికి, వెన్ను సాగదీయటానికి, పాదాలలోని గ్రంథుల వాసనను అక్కడ నిలపటానికి పిల్లి గీకుతుంది. దానిని మాన్పించలేము, మరొక చోటికి మళ్ళించగలము. పిల్లి వెనుక కాళ్ళమీద నిలబడి పూర్తిగా చాచుకొనేంత ఎత్తుగల దుంగకు కొబ్బరితాడు గాని గోనెపట్టా గాని బిగువుగా చుట్టి, కదలకుండా నిలబెట్టి, అది ఇప్పుడు గీకుతున్న సోఫా పక్కనే ఉంచాలి. మూలకు నెట్టితే ఆ దుంగను ముట్టనే ముట్టదు. మలమూత్రాల కోసం ఇసుకతొట్టిని తిండికి, నీళ్ళకు దూరంగా ఉంచి రోజూ శుభ్రం చేయాలి. ఇందులో ఇంటివారి ఆరోగ్యం కూడా ఇమిడి ఉన్నది. కొన్ని పిల్లుల మలంలో ఉండే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవికి సోకే శక్తి రావటానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అంతకుముందే తీసివేస్తే ప్రమాదం చాలావరకు తొలగుతుంది. గర్భిణులు మాత్రం ఆ పని ఇతరులకు వదలటమే మేలు. ఆ తొట్టిని, నేలను ఫినాయిలుతో కడగరాదు. ఫినాలు జాతి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. ఇదే కారణంచేత మనిషి జ్వరానికి వేసుకొనే పారాసెటమాల్ మాత్ర ఒక్కటైనా పిల్లి ప్రాణం తీయగలదు.

విసుగు, భయం ఇంత తీవ్రమైన సంగతులా అని అనుమానించేవారు మూత్రాశయ వ్యాధి విషయం తెలుసుకోవాలి. ఇంట్లోనే ఉండే పిల్లులకు సూక్ష్మజీవులేవీ లేకుండానే మూత్రాశయం వాచి, రక్తంతో కూడిన మూత్రం మాటిమాటికీ పడుతుంటుంది. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్టన్, ఆయన సహచరులు ఇట్టి 46 పిల్లుల ఇళ్ళలో ఎక్కే చోట్లు, దాగే చోట్లు, ఆటలు, తగిన తొట్లు ఏర్పాటు చేయించి పది నెలలు గమనించారు. వ్యాధి లక్షణాలు గణనీయంగా తగ్గినట్లు 2006లో ప్రకటించారు. 2011లో వారే మరొక 32 పిల్లులను పరిశీలించినప్పుడు, రోజువారీ పద్ధతులు తారుమారైన వారాల్లో ఆరోగ్యవంతమైన పిల్లులు కూడా తిండి మానటం, వాంతి చేసుకోవటం, తొట్టి బయట మూత్రం పోయటం కనిపించింది. మంచం కింద మూత్రం పోసి దెబ్బలు తిన్న పిల్లి నిజానికి రోగి కావచ్చు. మగపిల్లి మాటిమాటికీ తొట్టిలో కూర్చొని ముక్కుతూ ఒక్క బొట్టుకూడా పోయలేకపోతే అదేరోజు పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి; ఆలస్యమైతే ప్రాణం దక్కదు.

పాఠశాల విద్యార్థులు ఇంట్లో సులభంగా చేయదగిన పరిశీలన ఒకటి ఉన్నది. పిల్లికి తెలిసిన పాత బొమ్మ ఒకటి, అదే పరిమాణంలో రంగు, వాసన వేరైన కొత్త బొమ్మ ఒకటి సిద్ధం చేసుకోవాలి. పాత బొమ్మను దారంతో కట్టి రెండేసి నిమిషాల చొప్పున మూడుసార్లు ఆడిస్తూ, పిల్లి ఎన్నిసార్లు పంజా విసిరినదీ, ఎన్నిసార్లు నోట కరచినదీ పుస్తకంలో గీతలు గీసి లెక్కించాలి. నాలుగవసారి కొత్త బొమ్మను ఆడించాలి. మర్నాడు అదే వేళకు నాలుగుసార్లూ పాత బొమ్మతోనే ఆడించి రెండు పట్టికలను పోల్చిచూడాలి. అటుతరువాత పాత బొమ్మను పది రోజులు అటకమీద దాచి తీసినప్పుడు గీతలెన్ని వస్తాయో కూడా లెక్కించవచ్చు. పిల్లి నిద్రమత్తులో ఉన్నప్పుడు, కడుపునిండా తిన్నప్పుడు ఈ పరిశీలన చేస్తే అంకెలు దారి తప్పిస్తాయి. సాయంత్రం దీపాలు పెట్టే వేళ, భోజనానికి ముందు, అనుకూలమైన సమయం.